చేతి మెరుపులో సూరత్

రాత్రి పదకొండున్నర దాటింది. జాంపా బజార్ గడియారపు టవర్‌కు ఎదురుగా స్టాండు మీద కెమెరా, దాని కంటికి అడ్డంగా నల్ల టోపీ పట్టుకుని నేను. షట్టర్ తెరిచే ఉంది. టవర్ పక్క నుంచి అన్న కేక వేస్తాడు, "తియ్!" టోపీ తీస్తాను. గోడ మీద ఒక్క మెరుపు పడి మాయమవుతుంది. "మూయ్!" టోపీ పెట్టేస్తాను. అన్న నాలుగడుగులు జరుగుతాడు. చేతిలో ఫ్లాష్ మళ్లీ నిండాలంటే రెండు మూడు సెకన్లు ఆగాలి. సన్నగా ఈల లాంటి కూత, ఆ వెనకే ఎర్ర చుక్క. "తియ్!"

మూసేస్తున్న పాన్ గల్లా దగ్గర నలుగురు చేరారు. కాసేపు చూసి, వాళ్లలో పెద్దాయన గుజరాతీలో అడిగాడు: "కార్పొరేషన్ వాళ్లా? రోడ్డు వెడల్పు చేస్తున్నారా?" అర్ధరాత్రి పాత కట్టడం ముందు సామాను దించుకుని ఇద్దరు నిలబడితే ఏ ఊళ్లోనైనా జనానికి ముందు వచ్చే అనుమానం అదే. ఫొటో తీస్తున్నామని చెప్పాను. "ఫొటోకి పగలు లేదా?" అన్నాడాయన. న్యాయమైన ప్రశ్నే. దానికి అక్కడ నిలబడి జవాబు చెప్పలేకపోయాను. కాస్త పొడుగు జవాబు అది.

అన్న అంటే సొంత అన్న కాదు. వాళ్లది సిరిసిల్ల, మాదీ ఆ చుట్టుపక్కలే. మా ఇద్దరి తండ్రులూ సూరత్ వచ్చి ఒకే కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపారు. అన్న మాత్రం సాంచా వైపు పోకుండా కెమెరా పట్టుకున్నాడు. పెళ్లిళ్లు, ఒడుగులు, పుట్టినరోజులు. ముహూర్తాలున్న నెలల్లో మనిషి కనపడడు. మూఢం వచ్చిందంటే అందరూ దిగాలు పడతారుగానీ మా ఇద్దరికీ అప్పుడే పండగ. పెళ్లిళ్లలో అరిగిన రెండు ఫ్లాష్‌లు, ఎనిమిది చార్జింగ్ సెల్లులు, నా పాత కెమెరా స్కూటరు మీద వేసుకుని ఊరి మీద పడతాం. ఒక రాత్రికి ఒకటే కట్టడం. ఒక్కోసారి ఒకటే గోడ.

సూరత్‌లో రాత్రిపూట వెలిగే కట్టడాలకు కొదవేం లేదు. తాపీ ఒడ్డున కోట ఉంది. పోర్చుగీసు ఓడల దాడులకు అడ్డుగా గుజరాత్ సుల్తాన్ మూడో మహమూద్ కాలంలో ఖుదావంద్ ఖాన్ 1546 నాటికి కట్టి ముగించిన కోట. కార్పొరేషన్ ఈ మధ్య దాన్ని చక్కగా బాగు చేసింది, లైట్లూ పెట్టింది. ఊరి అవతల ఖజోద్‌లో డైమండ్ బోర్స్ ఉంది. 2023 డిసెంబర్ 17న ప్రధాని ప్రారంభించారు. పదిహేనేసి అంతస్తుల తొమ్మిది టవర్లు. అమెరికా రక్షణ శాఖ పెంటగాన్‌ను మించిన కార్యాలయ భవనమని పేపర్లన్నీ రాశాయి. ఇలాంటివాటికి మన మెరుపు అక్కర్లేదు. లైట్లు పెట్టినవాళ్లే ఏ మూల కనపడాలో, ఏ మూల చీకట్లో ఉండాలో తేల్చేశారు. ఎవరు వెళ్లి తీసినా అదే ఫొటో. నేనూ ఒకసారి కోట ఫొటో తీసి ఇంటికొచ్చి చూసుకుంటే, అది మా మేనత్త ఫోనులో తీసినట్టే ఉంది. ఆవిడదే కాస్త నయం, ముందు మా బావ ఉన్నాడు.

చేతి ఫ్లాష్‌తో సంగతి వేరు. చీకటి గోడ ముందు నిలబడి, ముందు ఎక్కడ కొట్టాలో మనమే నిర్ణయించుకోవాలి. ఎదురుగా కొడితే గోడ చపాతీలా పరుచుకుపోతుంది, ఎత్తుపల్లాలేవీ కనపడవు. గోడకు దాదాపు ఆనుకుని పక్క నుంచి కొడితే ప్రతి గీతకీ నీడ పుడుతుంది. సున్నం ఊడిన చోటు, ఎవడో మేకు దిగ్గొట్టిన చోటు, తాపీ మేస్త్రి చెయ్యి ఆగిన చోటు, అన్నీ లేచి నిలబడతాయి. పగలంతా చూసిన గోడే అయినా కొత్తగా పరిచయమవుతుంది. పాన్ గల్లా పెద్దాయనకు చెప్పాల్సిన జవాబులో సగం ఇదే.

ఇది మేం కనిపెట్టిన విద్య కాదు. 1861లో పారిస్‌లో నదార్ అనే ఫొటోగ్రాఫర్ భూగర్భంలోని ఎముకల సొరంగాల్లోకి బ్యాటరీలు, ఆర్క్ దీపాలు మోసుకెళ్లాడు. ఒక్కో ఫొటోకి పద్దెనిమిది నిమిషాల దాకా పట్టేది. అంతసేపు మనుషులు కదలకుండా ఉండలేరని బొమ్మలకు బట్టలు తొడిగి నిలబెట్టాడు. 1865లో చార్లెస్ పియాజీ స్మిత్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఈజిప్టు గొప్ప పిరమిడ్ లోపల మెగ్నీషియం వెలిగించి ఫొటోలు తీశాడు. మెరుపు పొడి 1887లో జర్మనీలో వచ్చింది, గాజు బల్బులు 1920ల చివర్లో. ఆ బల్బులతోనే 1950ల రెండో సగంలో అమెరికాలో విన్‌స్టన్ లింక్ ఆఖరి ఆవిరి రైళ్లను రాత్రిపూట తీశాడు. వాటిలో మనిషి కన్నా స్టేషన్, స్టేషన్ కన్నా ఊరు ఎక్కువ కనపడతాయి. బల్బులను పదుల కొద్దీ తీగతో కలిపి ఒకేసారి పేల్చేవాడు. ఒక బల్బు పేలకపోతే రాత్రంతా పడ్డ కష్టం మట్టి. మాకు సెల్లులు అయిపోతేనే ఏడుపొస్తుంది, ఆయన ఎలా తట్టుకున్నాడో.

మాకు బాగా దగ్గరైన కథ మాత్రం కొడాక్ కంపెనీ పుట్టిన రోచెస్టర్ ఊరిది. అక్కడి సాంకేతిక విద్యాసంస్థలో ఫొటోగ్రఫీ చెప్పే మాస్టార్లు 1987లో హైలాండ్ అనే ఆసుపత్రిని రాత్రిపూట తీయడానికి విద్యార్థులను పోగేసుకున్నారు. భవనం దీపాలన్నీ ఆపించి, షట్టర్ తెరిచి, ఒక్కొక్కరినీ ఒక్కో గోడ ముందు నిలబెట్టి, ఎవరి చేతి ఫ్లాష్‌తో వాళ్లను కొట్టమన్నారు. అది అక్కడితో ఆగలేదు. తర్వాత తర్వాత స్టాక్‌హోమ్ రాజభవనం, డుబ్రోవ్నిక్ కోట ద్వారం, 2013లో టెక్సస్‌లోని కౌబాయ్స్ స్టేడియం దాకా వెళ్లారు. ఊరి జనం ఇంట్లో ఉన్న టార్చీలు, ఫ్లాష్‌లు పట్టుకుని నల్లబట్టల్లో వస్తారు. ఎవరు కొట్టిన వెలుగు ఏ కిటికీ మీద పడిందో ఫొటోలో తెలియదు. అందరూ ఉన్నారు, ఎవరూ కనపడరు. మన ఊళ్లలో బతుకమ్మ ఆడినట్టే ఉంటుందనిపించింది నాకు. ఎవరి తంగేడు ఏ వరసలో ఉందో వీధికి తెలియదుగానీ, తెచ్చిన మనిషికి తెలుసు.

వాళ్లకు వేలమంది ఉన్నారు, మేం ఇద్దరం. వాళ్లు అడిగితే ఊరు లైట్లు ఆపుతుంది. జాంపా బజార్‌లో లైట్లు ఆపమని ఎవర్ని అడుగుతాం? అందుకే ఈ టోపీ.

లెక్క చెబుతాను, ఓపిక ఉన్నవాళ్లు వినండి. ఫ్లాష్‌కు గైడ్ నంబర్ అని ఒక అంకె ఉంటుంది. మాదాని డబ్బా మీద 60 అని రాసుంది. పెళ్లి సంబంధాలప్పుడు చెప్పే జీతంలాగా అందులో కొంత తగ్గించుకోవాలిగానీ, లెక్కకు 60 అనే అనుకుందాం. ఆ అంకెను లెన్సు ఎఫ్ నంబర్‌తో భాగిస్తే మెరుపు ఎన్ని మీటర్లు అందుతుందో వస్తుంది. ఎఫ్ 5.6 దగ్గర దాదాపు పదకొండు మీటర్లు. టవర్ ఎత్తు 80 అడుగులు. రోడ్డు ఇవతల నుంచి పైనున్న గడియారం దాకా ఏటవాలుగా కొలిస్తే 30 మీటర్లు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, ఒకే చోట ఎనిమిదిసార్లు కొడితే తప్ప గడియారం ముఖం తేలదు. ఎనిమిది మెరుపుల మధ్య ఫ్లాష్ నిండడానికి పట్టే సమయమంతా షట్టర్ తెరిచి ఉంచితే, దుకాణాల ఎల్‌ఈడీ బోర్డులు, ఆటోల దీపాలు కలిసి ఫొటోను తెల్లకాగితం చేసేస్తాయి. అందుకని మెరుపు పడే ఒక్క సెకను టోపీ తీస్తాం. మిగతాసేపు మూసి ఉంచుతాం. షట్టర్ రెండు నిమిషాలు తెరిచి ఉన్నా కెమెరా చూసింది ఎనిమిది సెకన్లే. ఆటో వస్తే టోపీ తియ్యను. డ్రైవరు కళ్లలో మెరుపు కొట్టకూడదన్నది మా మొదటి నియమం కూడా. ఫొటో బాగా రాకపోతే మళ్లీ తీసుకోవచ్చు, బండి డివైడర్ ఎక్కితే మళ్లీ తీయలేం.

అన్న నల్ల చొక్కా వేసుకుని, ఫ్లాష్‌కూ కెమెరాకూ మధ్య తన ఒళ్లు అడ్డం పెట్టుకుని కొడతాడు. ఒక చోట నిలబడకుండా జరుగుతూ ఉంటే మనిషి ఫొటోలో పడడు. పెళ్లిళ్లలో నలభై ఏళ్లకే నడుం పట్టేసిన మనిషి, టవర్ చుట్టూ మాత్రం పిల్లాడిలా తిరుగుతాడు.

ఈ టవర్‌ను 1871లో బర్జోర్జీ మెర్వాన్‌జీ ఫ్రేజర్ అనే పార్సీ ధనవంతుడు తన తండ్రి జ్ఞాపకార్థం కట్టించాడు. చేతి గడియారాలు లేని కాలంలో 80 అడుగుల ఎత్తున గడియారం పెట్టడమంటే ఊరందరికీ కలిపి ఒక గడియారం కొనివ్వడమే. ఇప్పుడు దాని కింద నిలబడినవాడు కూడా టైము ఫోనులో చూసుకుంటాడు. మేం తీసిన ఫొటోలో పైన గడియారం ముఖం కంటే కింద దిమ్మె బాగా వచ్చింది. కారణం మా గొప్ప కాదు. సూరత్‌లో రోడ్లు రాత్రిపూట ఊడుస్తారు. మేం ఆరో మెరుపులో ఉండగా ఊడ్చే ఆడవాళ్లు ముగ్గురు పొడుగు చీపుళ్లతో వచ్చారు. దుమ్ము లేచింది. ఫ్లాష్ పడగానే ఆ దుమ్ములో వెలుగు దారి కట్టినట్టు కనపడింది, సినిమాల్లో పొగ యంత్రం పెట్టి చేస్తారే, అలాగ. "ఆగాలా?" అని అడిగిందో అమ్మ. "ఊడువమ్మా, ఊడువు" అని అన్న తెలుగులోనే అరిచాడు. ఆవిడకు అర్థమైంది.

ఊడ్చేవాళ్ల గురించి చెప్పుకున్నాక ముఘల్ సరాయి దగ్గరికి పోకుండా ఉండలేను. షాజహాన్ కాలంలో, 1644లో, హకీకత్ ఖాన్ కట్టించిన ముసాఫిర్‌ఖానా అది. మక్కాకు వెళ్లే యాత్రికులు ఓడ దొరికేదాకా అక్కడ దిగేవారు. సూరత్‌కు అప్పట్లో మక్కా వాకిలి అని పేరు. ఆ సరాయి తర్వాత జైలైంది, ఆపైన మునిసిపాలిటీ ఆఫీసైంది. ఇప్పటికీ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం అదే. జనన ధ్రువపత్రం కోసం, పన్ను కట్టడానికి, గొడవ పడటానికి మా వాళ్లు పోయేదీ అక్కడికే. యాత్రికుడు, ఖైదీ, గుమాస్తా, అందరూ ఒకే కప్పు కింద కూర్చుని ఎదురుచూసిన కట్టడం దేశంలో ఇంకెక్కడైనా ఉందేమోగానీ నేను చూడలేదు.

1994 సెప్టెంబర్‌లో ప్లేగు వచ్చినప్పుడు నేను రెండో తరగతి. ముఖానికి చేతిరుమాళ్లు కట్టుకున్న జనం, కిక్కిరిసిన రైలు, మా నాన్న భుజం మీద నేను. అంతే గుర్తు. మూడు నెలలు తాతగారి ఊళ్లో ఉండి తిరిగి వచ్చాం. మరుసటి ఏడాది ఈ సరాయిలో కమిషనర్ కుర్చీలోకి సూర్యదేవర రామచంద్రరావు వచ్చారు. సూరత్ జనానికి ఎస్.ఆర్. రావు. తెలుగువాడు, గుజరాత్ కేడర్ ఐఏఎస్. ఏసీ గదులు వదిలి రోజువారీ పనుల్లోకి రండని అధికారులను పొద్దున్నే వీధుల్లోకి దింపాడు. 'ఏసీ నుంచి డీసీకి' అన్నది ఆయన మాటే. పెద్దవాళ్ల అక్రమ కట్టడాలనూ కూల్చాడు, మిఠాయి దుకాణాలకూ జరిమానా వేశాడు. రెండేళ్లు తిరగకుండానే చండీగఢ్ తర్వాత దేశంలో రెండో పరిశుభ్ర నగరమని సూరత్‌కు పేరొచ్చింది. 1998లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి సూరత్ మొదటి స్థానంలో నిలబడిందంటే, ఆ వరస మొదలైన గది ఈ గోడల వెనకే ఉంది. మా కార్ఖానాలో అప్పట్లో ఎవరైనా తెలుగువాణ్ని చిన్నచూపు చూస్తే, మా నాన్న ఒకటే మాట అనేవాడు: "మీ ఊరు ఊడిపిచ్చింది మావోడే."

సరాయి ఫొటో మాకు మూడు రాత్రులు తీసుకుంది. మొదటి రాత్రి కాపలా మనిషి వద్దన్నాడు. వీధి మీద నిలబడే తీస్తామని చెప్పినా వినలేదు. తప్పు పట్టలేం, ప్రభుత్వ కార్యాలయం మీద అర్ధరాత్రి మెరుపులు కొడుతుంటే ఎవరైనా వద్దనే అంటారు. రెండో రాత్రి ఉత్తరం చేతపట్టుకుని వెళ్లాం, వాన వచ్చింది. మూడో రాత్రి ఆ కాపలా మనిషే, "సాహెబ్, ఆ కమాను కింద కూడా ఒకటి కొట్టండి, నేను పొద్దున కూర్చునేది అక్కడే" అని చెయ్యి చూపించాడు. కొట్టాం. ఫొటోలో అన్నిటికంటే బాగా వచ్చిన భాగం అదే. అర్ధచంద్రాకారపు కమాను, దాని కింద ఖాళీ ప్లాస్టిక్ కుర్చీ.

కతార్‌గామ్ వైపు ఇంగ్లిషు, డచ్చి గోరీలు ఉన్నాయి. రాత్రి ఫొటోకు వాటిని మించినవి ఉండవు. గుమ్మటాలు, స్తంభాలు, రెండు అంతస్తుల సమాధులు. 1664లో శివాజీ సూరత్ మీద పడ్డప్పుడు ఇంగ్లిషు కోఠీని కాపాడుకున్న జార్జ్ ఆక్సెండెన్ అందులో ఉన్నాడు, సోదరుడు క్రిస్టఫర్ పక్కనే. డచ్చి వైపు హెండ్రిక్ వాన్ రీడ్ ఉన్నాడు. కేరళ మొక్కల మీద పన్నెండు సంపుటాల 'హోర్టస్ మలబారికస్' తయారు చేయించినవాడు. 1691లో ఓడ మీద చనిపోతే ఇక్కడికి తెచ్చి పూడ్చారు. అయితే అవి పురావస్తు శాఖ అధీనంలోనివి. పొద్దు గూకగానే గేటు పడుతుంది. స్టాండు పెట్టాలంటే పగలైనా అనుమతి కావాలి. గోడ దూకి తీసుకొచ్చిన కుర్రాళ్ల ఫొటోలు నాకు చూపించారు. ఒప్పుకోవాలి, బాగున్నాయి. అయినా గోరీ గోడ దూకే వయసు మాది కాదు. ఆ చెట్ల మీద పక్షులు నిద్రలో ఉంటాయి, వాటికి మన కళాపోషణతో పనిలేదు.

మెరుపు కొట్టని చోట్ల గురించి ఇంకో ముక్క. రింగ్ రోడ్డు చీరల మార్కెట్ల ముందు ఒక రాత్రి స్టాండు వేశాం. సరుకు మూటలు కొండల్లా ఉన్నాయి, వెనక మార్కెట్ బోర్డులు. టోపీ తియ్యబోతుంటే మూటల మధ్య మనుషులు కనపడ్డారు. పగలంతా మోసినవాళ్లు, తమ మూటల మీదే పడుకున్నారు. అన్న ఫ్లాష్ దించేశాడు. "పొద్దుగాల నాలుగింటికి లేస్తరు" అన్నాడు. స్టాండు మడిచి టీ తాగి వచ్చేశాం. ఆ ఫొటో వస్తే గొప్పగా ఉండేదని నాకు ఇప్పటికీ కొద్దిగా బాధ ఉంది. అబద్ధం చెప్పను.

తాపీ దాటి రాందేర్ వెళితే పని తేలిక. సూరత్ కంటే పాత రేవు అది. ఇరుకు సందులు, చెక్కిన గుమ్మాలు, బర్మా టేకు స్తంభాలు. ఇక్కడి వ్యాపారులు రంగూన్‌తో తరాల తరబడి వర్తకం చేశారు. రంజాన్ నెలలో ఇక్కడ దొరికే రంగూనీ పరాఠా కోసం ఊరు ఊరంతా నది దాటి వస్తుంది. సందు వెడల్పు మూడు మీటర్లే కాబట్టి ఫ్లాష్‌ను పదహారో వంతుకు తగ్గించి, దాని మీద మడత పెట్టిన తెల్ల జార్జెట్ ముక్క కప్పాం. సూరత్‌లో ఉండి వెలుగు మెత్తబరచడానికి కంపెనీ గొడుగు కొంటే నవ్విపోతారు. కట్‌పీస్ ముక్క ఊరికే దొరికింది. చెక్కలోని నరాలు, ఉలి దెబ్బలు, తలుపు గొళ్లెం రాసుకుని అరిగిన గాడి, ఒక్కొక్కటే వచ్చాయి.

ఆ ఇంటి పెద్దావిడ మెట్ల మీద కూర్చుని చివరిదాకా చూసింది. ఈ టేకు రంగూన్ నుంచి వచ్చిందని చెబుతుంటే నాకు మా కోరంగి గుర్తొచ్చింది. కాకినాడ పక్కన ఆ రేవు నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్లిన తెలుగు కూలీలను అక్కడ కోరంగీలనే పిలిచేవారు. 1839 ఉప్పెన ఆ ఊరిని నేలమట్టం చేసినా, ఆ పేరు మాత్రం బర్మాలో నిలిచింది. రంగూన్ రేవులో ఈ టేకు దుంగల్ని ఓడకెక్కించిన భుజాల్లో మనవాళ్లవీ ఉండే ఉంటాయి. రుజువు లేదు, నా ఊహే. కానీ ఆ స్తంభం మీద మెరుపు కొట్టేటప్పుడు చేతికి కొంచెం జాగ్రత్త వచ్చింది.

ఇలా తిరిగి తిరిగి, ఫొటోలన్నీ ఒక రోజు మా నాన్నకు చూపించాను. ఒక్కొక్కటే చూశాడు. టవర్, సరాయి, రాందేర్ తలుపు. ఫోను తిరిగి ఇస్తూ, "మంచిగున్నయ్. మన బడి తియ్యలే?" అన్నాడు.

లింబాయత్ వైపు మా బడి. సూరత్ కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిషులతో పాటు తెలుగులో కూడా బడులు నడుపుతుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి మగ్గాల కోసం వచ్చిన వేలాది కుటుంబాల పిల్లలు 'అ, ఆ'లు దిద్దింది వాటిలోనే. నేను ఐదో తరగతి దాకా అక్కడే చదివాను, అన్న ఏడు దాకా. అది చరిత్రకెక్కిన కట్టడం కాదు. సిమెంటు డబ్బా. పేరు పలక మీద పైన గుజరాతీ, కింద తెలుగు. ఏ నిపుణుడి జాబితాలోనూ అది ఉండదు. నాలుగేళ్లుగా ఊరంతా తిరుగుతూ దాని పక్క నుంచే పోతున్నాం, స్కూటరు ఆపాలని తోచనే లేదు. సిగ్గుపడ్డానంటే తక్కువే.

తీరా వెళ్లాక, సరాయి కంటే కష్టమైంది. బడి చుట్టూ కార్ఖానాలు. సాంచాలు రాత్రంతా ఆగవు. దిన్ పాళీ దిగుతుంటే రాత్ పాళీ ఎక్కుతుంది. వందల సాంచాలు ఒకేసారి కొట్టుకుంటుంటే నేల సన్నగా వణుకుతూ ఉంటుంది. ఆ వీధిలో పుట్టి పెరిగినవాళ్లకు అది తెలియదు, పైఊరికి పోయి పడుకున్నప్పుడు నిద్ర పట్టక తెలుస్తుంది. కెమెరాకు మాత్రం వెంటనే తెలిసిపోయింది. మామూలుగా నాలుగు సెకన్లు తెరిచి తీస్తే పేరు పలక మీద ప్రతి అక్షరం రెండుగా పడింది. స్టాండు కింద చెప్పులు పెట్టాం, నేను బరువుగా దాన్ని పట్టుకుని కూర్చున్నాను. ఊహూఁ. వీధే వణుకుతోంది.

అప్పుడు అన్నే దారి చెప్పాడు. ఫ్లాష్ వెలుగు సెకనులో వందో వంతు కూడా నిలవదు. అంత తక్కువ సమయంలో సాంచా వణుకు కెమెరాకు అందదు. కాబట్టి వీధి దీపాల వెలుగును పూర్తిగా వదిలేద్దాం, ఎఫ్ 11కు బిగించి, షట్టర్ సెకనులో 125వ వంతు పెట్టి, ఒక్కో మెరుపుకు ఒక్కో ఫొటో తీసి, ఇంటికెళ్లి కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేరుద్దాం అన్నాడు. టోపీ తలకు పెట్టుకున్నాను. రేడియో ట్రిగ్గర్ తగిలించాం. గేటు, కిటికీలు, మెట్లు, నీళ్ల కుళాయి. పలక మీద అక్షరాలు చెక్కినట్టు నిలబడ్డాయి. పెద్ద కట్టడాలన్నీ తిరిగినా ఫ్లాష్ వినా గత్యంతరం లేనిది మాత్రం ఈ బడికే.

రెండింటికి ప్రహరీ దగ్గరికి వచ్చాం. కొత్తగా సున్నం వేసిన గోడ, దాని మీద ఏమీ లేదు. కుడి చివర నుంచి గోడ వెంట ఒకటి కొట్టి చూడమన్నాను. కొట్టాడు. కెమెరా వెనక తెరలో చూసి, ఇద్దరం వంగి మళ్లీ చూశాం. సున్నం కింద పాత పెయింటు మందం అలాగే ఉంది. పక్క వెలుగుకు ఆ మందానికి నీడ పుట్టి, రెండు అక్షరాలు లేచాయి. 'త్రాగ'. ఆ పైన గోడ నున్నగా ఉంది, లేదా మెరుపు అందలేదు.

అప్పటికే రాత్ పాళీ వాళ్లు టీకి బయటికొచ్చారు. బనీన్ల మీద నూలు పొట్టు, చెవుల్లో దూది. ఐదారుగురు కెమెరా చుట్టూ మూగారు.

"త్రాగ... ఏందిది?"

"త్రాగరాదు అయితది. గుజరాత్‌ల ఇంకేం రాస్తరు?"

ఒకటే నవ్వులు. మద్యనిషేధం ఉన్న రాష్ట్రంలో ఆ మాట మీద జోకులు తేలిగ్గా ఆగవు. వెనక నుంచి ఒక ముసలాయన, కండెలు చుట్టే మనిషి, జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

"బడి గోడ మీద తాగుడు ముచ్చట రాస్తరార? నీళ్ల గురించి అది. కాచి వడబోసి త్రాగవలెను. పిలేగు తర్వాత రాసిండ్రు. నాకు యాదికున్నది."

"నీకు చదువెప్పుడొచ్చింది కాకా?"

"నాకు రాదు. నా బిడ్డ చదివి చెప్పింది."

కొందరు వలెను అంటున్నారు, కొందరు రాదు అంటున్నారు. పది రూపాయల పందెం కూడా వేసుకున్నారు. టీ గ్లాసులు గోడ మీద పెట్టబోతే అన్న కసిరాడు. ఫ్లాష్‌ను ఇంకా కిందకు దించి, ఎడమ చివరకు వెళ్లి, గోడకు చెంప ఆనించినంత దగ్గరగా కూర్చున్నాడు. సెల్లులు నీరసించాయి, ఈ మెరుపుకు చాలాసేపు పడుతోంది. సన్నటి కూత సాంచాల మోతలో వినపడీ వినపడకుండా ఉంది. అందరం నోరు మూసుకుని ఎర్ర చుక్క కోసం చూస్తున్నాం.